ఉతికే మిషనూ నా రెండో ఏడాదీ

మా ఉతికే మిషన్ ఆగిపోయిన రోజు శ్రావణమాసపు ముసురు పట్టి ఉంది. తార్నాకలో మేమున్న ఇంటి వెనక వరండాలో తీగల మీద బాబు గుడ్డలు ముందురోజువే ఆరకుండా వేలాడుతున్నాయి. తెల్లవారుజామున నల్లా రాగానే ఎప్పటిలాగే మిషన్‌లో నీళ్ళు నింపి, సబ్బుపొడి వేసి, రాత్రి గుడ్డలన్నీ అందులో పడేసి స్విచ్ నొక్కాను. అది మూలిగింది. మధ్యలో ఉండే రెక్కల దిమ్మ మాత్రం కదల్లేదు. చేత్తో కాస్త తిప్పి చూశాను. మళ్ళీ నొక్కాను. మూలుగుతూనే ఉంది, ఇంతలో అడుగు నుంచి కాలిన వాసన వచ్చింది. భయపడి ప్లగ్గు పీకేశాను.

మిషన్ ఆగిపోతే ఇంత దిగులేమిటని ఎవరైనా నవ్వవచ్చు. మా వీధిలో ఎవరింట్లోనూ ఉతికే మిషన్ లేదు. అందరూ చేతుల్తోనే ఉతుక్కుంటున్నారు, లేకపోతే పనిమనిషితో ఉతికించుకుంటున్నారు. కానీ నేను అప్పుడు యూనివర్సిటీలో ఎం.ఏ. రెండో ఏడాది చదువుతున్నాను. ఆ మిషన్ తిరిగితే నేను పొద్దుటి క్లాసుకు వెళ్ళగలను. తిరగకపోతే వెళ్ళలేను. నా చదువంతా ఆ కరెంటు తీగకు వేలాడుతోందని నాకొక్కదానికే తెలుసు.

మా బాబుకు అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు. పుట్టినప్పటి నుంచీ వాడి కడుపు ఒక తీరుగా ఉండదు. ఏ పాలు పట్టినా రెండు రోజులు బాగుంటాడు, మూడోరోజు మొదలు. రోజుకు ఎన్ని గుడ్డలు మారుస్తానో లెక్కపెట్టడం మానేశాను. చాకలి సోడా, బట్టల సబ్బు తగిలి నా రెండు చేతులూ పగిలిపోయాయి. వేళ్ళ సందుల్లో నెత్తురు కారేది. డాక్టరమ్మ చూసి, కొన్నాళ్ళు ఈ చేతులు సబ్బు నీళ్ళలో పెట్టవద్దంది. ఎట్లా పెట్టకుండా ఉండేదని అడిగితే మందు రాసుకోమంది.

మా అత్తగారు అనంతపురం నుంచి వచ్చి మాతోనే ఉంటున్నారు. మంచి మనిషి. బాబంటే ప్రాణం. కానీ ఆమెకు మడి ఉంది. పొద్దున తలస్నానం చేసి మడి కట్టుకున్నాక పూజ, వంట, భోజనం అయ్యేదాకా బాబు ఏడ్చి గుక్కపట్టినా గుమ్మం దగ్గర నిలబడి చూసేవారే తప్ప ముట్టుకునేవారు కాదు. "పిల్లోడు ఏడుస్తాండాడు, ఎత్తుకోమ్మా. నాకు మడి" అని కేకేసేవారు. పదిన్నరకు ఆమె భోజనం ముగించి మడి విప్పితే, అప్పుడు బాబును ఆమె చేతుల్లో పెట్టి నేను కాలేజీకి పరుగెత్తేదాన్ని. అప్పటికల్లా గుడ్డలు ఉతికి ఆరేసి ఉండాలి. నేను ఎం.ఏ.లో చేరతానన్నప్పుడు ఆమె పెట్టిన షరతు అదొక్కటే. "చదువుకోమ్మా, నేను కాదనను. ఇంట్లో ఏ పనీ నిలవకూడదు. అంతే."

అట్లాంటి సమయంలో దేవుడు పంపినట్టు ఆ మిషన్ వచ్చింది. మా వారు యూనివర్సిటీలో ఫిజిక్స్ లెక్చరర్. వాళ్ళ డిపార్టుమెంటుకు పై దేశం నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ పని ముగించుకుని తిరిగి వెళ్ళిపోతూ ఇంటి సామాన్లన్నీ అమ్మేశాడు. ఫ్రిజ్ ఒకరు తీసుకున్నారు, సోఫాలు ఇంకొకరు. ఉతికే మిషన్ ఎవరూ అడగలేదు. మా వారు రిక్షా మీద కట్టించి తెచ్చారు.

నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ గుండ్రటి తెల్లటి గంగాళంలా ఉండేది. పైన రెండు రబ్బరు రోలర్లు. వాటి మధ్య తడిగుడ్డ పెడితే చెరుకు గానుగలో గడలా నలిగి అటువైపు పలకలా బయటికి వచ్చేది. మన కరెంటు దానికి పడదు కాబట్టి పక్కన బరువైన ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె. మాకు వచ్చేనాటికే అది పాతది. అంచుల దగ్గర పెచ్చులు ఊడి, తుప్పు మరకలు కనిపించేవి. ప్రొఫెసర్ గారి భార్య వెళ్ళేముందు నన్ను బంగళాకు పిలిచి, ఏ మీట ఎప్పుడు నొక్కాలో ఓపికగా చూపించింది. ఎంత సబ్బుపొడి వేయాలో, రోలర్ల దగ్గర చీర కొంగు ఎట్లా జాగ్రత్తగా పట్టుకోవాలో అన్నీ చెప్పింది.

మొదటిసారి అది తిరుగుతుంటే మా ఇంటిగలామె, అంటే ఇంటి యజమానురాలు, ముందు వాటా నుంచి వచ్చి చూసింది. వాళ్ళది ఘట్‌కేసర్ వైపు వ్యవసాయ కుటుంబం. పొలం పనులు చేసిన మనిషి, దేనికీ త్వరగా ఆశ్చర్యపోదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నిలబడింది.

"అమ్మో, గిదేందమ్మా, కుడితి గోలెంల దున్నపోతు పడ్డట్టు ఏం మోత చేస్తున్నది!" అని నవ్వింది. "మా ఆయనకు చూపెట్టాలె. నా కష్టం గప్పుడన్న ఎరుకైతది."

మిషన్ వచ్చాక, పొద్దున ఒక్కపూట వచ్చి ఉతికిపోయే పనిమనిషిని మాన్పించాం. రెండు ఖర్చులు ఎందుకన్నారు మా వారు. ఆమె ఆ నెల జీతం తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ ఏడాది నేను మొదటి సంవత్సరం పరీక్షలు రాశాను. తెల్లవారి నల్లా వచ్చే వేళకు లేచి గుడ్డలు వేసేదాన్ని. అది తిరుగుతున్నంతసేపూ వరండా గుంజకు ఆనుకుని పుస్తకం చదువుకునేదాన్ని. రోడ్డు దాటి క్యాంపస్‌లోకి అడుగుపెడితే చాలు, ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయేది. బండరాళ్ళ మధ్య సీతాఫలం పొదలు, సైకిళ్ళ మీద పోయే కుర్రాళ్ళు, ఆర్ట్స్ కాలేజీ మెట్లు. ఆ మెట్లు ఎక్కుతున్నంతసేపు నేను ఎవరికీ తల్లిని కాను, ఎవరింటి కోడల్నీ కాను.

ఇక మిషన్ కాలిన వాసన వచ్చిన ఆ రోజు సాయంత్రం మా వారు మూత విప్పి, టార్చి లైటు వేసి చూశారు.

"మోటారు పోయింది" అన్నారు. "ఏం చేద్దాం? బాగు చేయిస్తామా, కొత్తది చూద్దామా?"

కొత్తదంటే, అప్పుడే బొంబాయిలో చేస్తున్నారని ఎవరో చెప్పారు. సికింద్రాబాద్‌లో ఒక దుకాణంలో అడిగి వచ్చారాయన. కావాలంటే పేరు రాసుకుంటారట, సరుకు ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేరట. దసరాకు రావచ్చు, దీపావళికి రావచ్చు. పీఎఫ్ మీద అప్పు తీసుకోవాల్సి వస్తుందన్నారు.

గుమ్మంలో కూర్చుని తమలపాకులు తుడుస్తున్న మా అత్తగారు తలెత్తారు.

"కొత్తది యాల రా? దీన్నే అమ్మేసి ఆ డబ్బులకు రెండు రాగి బిందెలు కొనుక్కోండి. మేమంతా పిల్లల్ని కనలేదా, గుడ్డలు ఉతకలేదా? నేనైదుగురిని పెంచితి. ఏ మిషను తెచ్చిచ్చిరి నాకు?"

"ఐదుగురిని పెంచావు గానీ అమ్మా, ఎం.ఏ. చదవలేదు కదా" అన్నారు మా వారు నవ్వుతూ.

"చదివుంటే మిమ్మల్నెవరు పెంచేవారప్పా?" అన్నారామె కూడా నవ్వుతూనే.

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదని.

మా వారు నావైపు తిరిగి, "నువ్వే చెప్పు. వాడేది నువ్వు" అన్నారు. నేను ఆలోచించింది ఒక్కటే. దేనికి తక్కువ రోజులు పడతాయి? కొత్తది దీపావళి అయితే, అప్పటికి నా హాజరు సంగతి ఏమవుతుంది? పాతది వారంలో బాగుపడితే బతికిపోతాను. బాగు చేయిద్దామన్నాను.

ముషీరాబాద్‌లో మోటార్లకు తీగ చుట్టే మిస్త్రీ ఒకతను ఉన్నాడు. ఫ్యాన్లు, పంపుసెట్లు బాగుచేస్తాడు. మరుసటి ఆదివారం మా ఇంటికి వచ్చి, మిషన్ చుట్టూ రెండుసార్లు తిరిగి, బొటనవేలితో దాన్ని తట్టి చూశాడు.

"బాహర్‌ది మాల్ అమ్మా. మస్తు మజ్బూత్ ఉంటది" అని పై దేశపు సరుకు గట్టితనాన్ని మెచ్చుకున్నాడు.

"ఇట్లాంటివి ఇంతకుముందు చేశారా?" అని అడిగాను.

"మోటర్ అంటే మోటరేనమ్మా. మైసూర్‌ది అయితేంది, లండన్‌ది అయితేంది? లోపల గదే రాగి తీగ. హఫ్తాల తెచ్చి పెడ్త. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి."

మోటారు ఊడదీసి గోనెసంచిలో వేసుకుని సైకిల్ వెనక కట్టుకుని వెళ్ళిపోయాడు. అతని హఫ్తా, అంటే వారం, అయిపోయింది. ఇంకో హఫ్తా కూడా. మా వారు బస్సెక్కి వెళ్ళి అడిగితే, తీగ దొరకలేదన్నాడు. మళ్ళీ వెళితే దుకాణం మూసి ఉంది.

ఆ రోజుల గురించి రాయాలంటే ఇప్పటికీ చేతులు మండుతున్నట్టుంటుంది. నల్లా రాగానే గుడ్డలు నానబెట్టి, బండ మీద వేసి ఉతికేదాన్ని. వానలకు బాబుకు విరేచనాలు ఎక్కువయ్యాయి. ఉతికినవి ఆరేవి కావు. కుంపటి చుట్టూ ఆరబెడితే పొగ వాసన, ఆ వాసనకు వాడు తుమ్మేవాడు. గుడ్డల కోసం పాత చీరలన్నీ చింపాను. చేతులకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉతికితే పీలికల్లో సబ్బు నిలిచి ఇంకా మండేది. ఉతకడం అయ్యేసరికి పదకొండు దాటేది. నేను ఆర్ట్స్ కాలేజీ చేరేసరికి మొదటి క్లాసు సగం అయిపోయి ఉండేది. ఆ క్లాసులోనే హాజరు పిలిచేవారు. వెనక తలుపు దగ్గర నిలబడితే, లెక్చరర్ గారు లోపలికి రమ్మని సైగ చేసేవారు గానీ, హాజరు వేసేవారు కాదు. పాఠం వినవచ్చు, లెక్కలో మాత్రం నేను రానట్టే.

నాది అర్థశాస్త్రం. ఒకరోజు అట్లా ఆలస్యంగా వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంటే, యంత్రాల తరుగుదల గురించి పాఠం నడుస్తోంది. ఒక యంత్రాన్ని ఎంతకాలం బాగుచేసుకుంటూ పోవాలి, ఎప్పుడు మార్చేయాలి, ఏది లాభం అని బోర్డు మీద గీతలు గీసి చెబుతున్నారు. పక్కనున్న అమ్మాయిలు శ్రద్ధగా రాసుకుంటున్నారు. నాకు వాళ్ళను చూస్తే ఏడుపొచ్చింది. యంత్రం ఆగిన రోజుల్లో గుడ్డలు ఎవరు ఉతకాలో ఆ గీతల్లో ఎక్కడా లేదు.

పాత పనిమనిషిని మళ్ళీ పిలుద్దామని వెతుక్కుంటూ వెళ్ళాను. ఆమె క్యాంపస్ క్వార్టర్స్‌లో ఒక ఇంట్లో చేరింది. ఆ ఇంటి పెరట్లోనే అంట్లు తోముతూ కనిపించింది. లేవకుండానే మాట్లాడింది.

"ఏందమ్మా, బాబు మంచిగున్నడా?"

"ఏం బాగు! మిషన్ పాడైంది. నువ్వు మళ్ళీ పొద్దునపూట వస్తావేమోనని వచ్చాను."

"నేనెట్లొస్తనమ్మా? పొద్దటి పూటనే గదా గీడ పని." చేతిలో గిన్నె తిప్పి తిప్పి తోమింది. "గప్పుడు మిషన్ ఒచ్చింది, నువ్వొద్దు పో అంటిరి. గిప్పుడు గా మిషన్‌కే చెప్పుండ్రి, ఇంకో మిషన్‌ను తోలుకొచ్చుకొమ్మని."

అని పకపకా నవ్వింది. కోపం లేదు ఆ నవ్వులో. తర్వాత జాలిపడినట్టు, "ఎవలన్న దొరికితే పంపిస్తలే" అంది. ఎవరూ రాలేదు. ఒకామె వచ్చింది గానీ, బాబు గుడ్డలు చూసి, రోజూ ఇన్నైతే తనవల్ల కాదని రెండోరోజే మానేసింది.

వినాయక చవితి దాటాక మిస్త్రీ మోటారు తెచ్చి బిగించాడు. స్విచ్ నొక్కితే మిషన్ తిరిగింది. అతను చేతులు కట్టుకుని నిలబడి, "చూస్తిరా, ఎట్ల ఉర్కుతున్నదో!" అన్నాడు. ఆ వారం నేను ప్రతిరోజూ మొదటి క్లాసుకు వెళ్ళాను. హాజరు పిలిచినప్పుడు నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఇంతకాలం పోయిన హాజరు ఎట్లాగైనా పూడ్చుకోవచ్చని, ఇకమీదట ఒక్కరోజు కూడా తప్పకపోతే సరిపోతుందని ఆశపడ్డాను.

వారం తిరగ్గానే మళ్ళీ అదే మూలుగు. అదే వాసన.

ఈసారి మిస్త్రీ నేరం తనది కాదని రుజువు చేయాలన్న పట్టుదలతో వచ్చాడు. మధ్యనున్న రెక్కల దిమ్మను లాగాడు. రాలేదు. ఇద్దరు మనుషులు పట్టి లాగినా రాలేదు. చివరికి వేడినీళ్ళు పోసి, సుత్తితో తట్టితే ఊడివచ్చింది. ఊడగానే పులిసిన కంపు వరండా అంతా వ్యాపించింది. మా అత్తగారు వంటింట్లోంచే, "ఏమది? ఏం చచ్చింది?" అని అరిచారు.

దిమ్మ కింద, ఇరుసు చుట్టూ, పచ్చగా నల్లగా గట్టిపడిన ముద్ద. అందులో చీమలు. మిస్త్రీ స్క్రూడ్రైవర్‌తో కొంచెం పెకిలించి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూశాడు.

"అమ్మా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. దీంట్ల అన్నం వండిన్రా ఏంది?"

గంజి. శనివారం శనివారం మా ఇంట్లో గంజి పెట్టే రోజు. మా వారి నూలు చొక్కాలు, నా నేత చీరలు, అత్తగారి చీరలు, గంజి లేకుండా కడితే మా వాళ్ళకు బట్ట కట్టినట్టే ఉండదు. మిషన్ వచ్చాక గంజికి వేరే గిన్నె ఎందుకని, ఉతకడం అయ్యాక అందులోనే అన్నం వార్చిన గంజి వడకట్టి పోసి, బట్టలు వేసి కాసేపు తిప్పేవాళ్ళం. చేత్తో ముంచి పిండితే అక్కడక్కడా మచ్చలు పడతాయి. మిషన్‌లో తిప్పితే ప్రతి పోగుకూ సమంగా పట్టేది. రోలర్లలోంచి వచ్చిన చీర అప్పడంలా నిలబడేది. మా అత్తగారు మిషన్‌ను మెచ్చుకున్నది ఆ ఒక్క విషయంలోనే. ప్రొఫెసర్ గారి భార్య అన్నీ చెప్పింది గానీ, ఇందులో గంజి పోయవద్దని చెప్పలేదు. ఆమెకు గంజి అంటే తెలియదు. మాకు అడగాలని తోచలేదు. ఏళ్ళ నాటి రబ్బరు వాషర్ సందుల్లోంచి వారం వారం కాస్త గంజి కిందికి దిగి, ఎండి, బంకలా పట్టుకుని ఇరుసును బిగించేసింది.

మా వారు ముందు నవ్వారు. తర్వాత తల పట్టుకున్నారు. మిస్త్రీకి మాత్రం పండగలా ఉంది. "నేను చెప్పలే! వైండింగ్‌ల ఏం లోపం లేదని చెప్పలే!" అన్నాడు. నిజానికి అతను అట్లా ఎప్పుడూ చెప్పలేదు.

మా అత్తగారు మడితోనే గుమ్మం దాకా వచ్చి, ఆ ముద్దను దూరం నుంచి చూశారు. "గంజికి ఇరిగిపోయే మిషను, అదేం మిషనమ్మా! మా రాతిబండ మీద నలభై ఏండ్లు గంజి పోసినా, దానికేమన్నా అయిందా?" అన్నారు. ఆ మాటకు మిస్త్రీ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఇరుసు తిరిగే చోట ఉండే ఇత్తడి బుష్ అరిగిపోయిందని తేలింది. అది మన దేశంలో దొరకదు. మౌలాలి దగ్గర ఒక లేత్ షాపులో కొలత ఇచ్చి కొత్తది కోయించాలి. మోటారు తీగ మళ్ళీ చుట్టాలి.

ఆ రాత్రి అన్నాలయ్యాక మా వారు మళ్ళీ అదే ప్రశ్న వేశారు. ఆయన గొంతులో ఈసారి అలసట ఉంది.

"ఇంకా దీనికి పెడుతూ పోవాల్నా? సికింద్రాబాద్ దుకాణంలో పేరు రాయించేస్తాను. ఎప్పుడొస్తే అప్పుడొస్తాది."

"ఎప్పుడొస్తే అప్పుడంటే ఎట్లా? నా హాజరు?"

"బుష్ మాత్రం ఎప్పుడొస్తాదని నమ్మకం? పోయినసారి హఫ్తా అన్నాడు, ఏమయింది?"

రెండు పక్కలా గోడే. కొత్తదానికి చూస్తూ కూర్చుంటే చదువు పోవడం ఖాయం. పాతదాన్ని నమ్ముకుంటే పోవచ్చు, పోకపోవచ్చు. ఆ 'పోకపోవచ్చు'ను పట్టుకున్నాను. బాగు చేయిద్దామని మళ్ళీ అన్నాను.

ఆయన సరేనన్నారు. "ఇంత కష్టపడి చదవకపోతే ఏమవుతుంది చెప్పు? నేను సంపాదిస్తున్నాను కదా" అన్నారు. ప్రేమగానే అన్నారు. నా చెయ్యి పట్టుకుని చూసి, పగుళ్ళకు మందు రాశారు కూడా. చదవకపోతే ఏమవుతుందో ఆయనకు చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. రోజంతా ఇంట్లో ఉంటే సాయంత్రానికి నాకు నా గొంతు కూడా గుర్తుండదని, బాబును ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడితే ఒక్కోసారి ఎందుకో గుండె దడదడలాడుతుందని, వాడికేదో అయిపోతుందని, నాకేదో అయిపోతుందని ఊరికే అనిపిస్తుందని, క్యాంపస్‌లో ఉన్న ఆ కాసేపే ఆ భయం ఉండదని, ఎట్లా చెప్పాలి? చెబితే డాక్టరుకు చూపిద్దామంటారు.

లేత్ షాపులో మొదట కోసిన బుష్ వదులైంది. రెండోది బిగుతైంది. ఈలోగా దసరా సెలవులు వచ్చి పోయాయి. బాబుకు జ్వరం వచ్చి పది రోజులు నేను ఇంట్లోంచి కదల్లేదు. వాడు కోలుకున్నాక క్లాసుకు వెళితే, హాజరు పిలిచేటప్పుడు నా పేరు దాటేశారు. ఎందుకని అడిగితే, డిపార్టుమెంటు హెడ్ గారిని కలవమన్నారు.

హెడ్ గారు పెద్దాయన. మా వారిని ఎరుగుదురు. కూర్చోమన్నారు, బాబు ఎట్లా ఉన్నాడని అడిగారు. ఇంక మిగిలిన క్లాసులన్నీ ఒక్కటి తప్పకుండా వచ్చినా పరీక్షకు కావలసిన హాజరు రాదని మెల్లగా చెప్పారు.

"ఇంట్లో ఉతికే మిషన్ పాడైందండీ" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. బాబు జబ్బు గురించి చెప్పాల్సింది. నోట్లోంచి అదే వచ్చింది.

ఆయన కళ్ళజోడు తీసి నావైపు చూశారు. నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నారేమో. "ఉతికే మిషనా? అయితే మీ ఇంట్లో ఉతికే మిషన్ ఉందన్నమాట" అన్నారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "వచ్చే ఏడాది మళ్ళీ చేరమ్మా. చదువు ఎక్కడికీ పోదు" అన్నారు.

మెట్లు దిగి, నీడలో కాసేపు కూర్చున్నాను. ఇంటికి వెళ్ళాలనిపించలేదు, అక్కడ ఉండాలనిపించలేదు. క్లాసు వదిలారు. మా క్లాసు అమ్మాయిలు గుంపుగా వస్తూ పలకరించారు. "అక్కా, క్యాంటీన్‌కు వస్తారా?" అన్నారు. బాబుకు పాల వేళయిందని లేచాను.

వచ్చే ఏడాది. మా వారూ అదే మాటన్నారు. అత్తగారూ, "పోనీలేమ్మా, పిల్లోడు నడక నేర్చినాక చూస్తాంలే" అన్నారు. వచ్చే ఏడాదికి సీటు ఉంటుందో, బాబు కడుపు బాగుపడుతుందో, అప్పటికి ఇంకొకరు పుడతారో, ఎవరికి తెలుసు? వచ్చే ఏడాది అన్న మాట వాళ్ళు అంత తేలిగ్గా ఎట్లా అనగలుగుతున్నారో నాకు అర్థం కాలేదు.

దీపావళికి ముందు మిస్త్రీ మిషన్ బిగించి ఇచ్చాడు. మూడో బుష్ సరిపోయింది. ఎంత సరిపోయిందంటే, కొనుక్కున్న కొత్తలో కూడా అది అంత మెత్తగా తిరగలేదు. మోత లేదు. మూలుగు లేదు. మా వారు బాబును భుజాన వేసుకుని, లోపల తిరిగే నురగ చూపించి ఆడించారు. మా అత్తగారు మిస్త్రీకి కాఫీ ఇప్పించి, "గంజి పోసుకోవచ్చునా ఇప్పుడు?" అని అడిగారు. అతను రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

ఉతికే పనంతా మళ్ళీ మిషనే చేస్తోంది. నల్లా వస్తుంది, నీళ్ళు నింపుతాను, స్విచ్ నొక్కుతాను. గుడ్డలు తొమ్మిదింటికల్లా తీగ మీద ఉంటాయి. ఆ తర్వాత పొద్దు గడవదు. బాబు నిద్రపోతే, గుంజకు ఆనుకుని కూర్చుంటాను. పుస్తకాలు అటక మీద పెట్టించారు, ఎలుకలు కొడతాయని.

మొన్న మా ఇంటిగలామె వెనక వరండాలోకి వచ్చింది. చంకలో పెద్ద మూట.

"ఏందమ్మా గట్ల కూసున్నవ్? మంచిగ తిరుగుతున్నదంట గదా మిషన్?"

"తిరుగుతోందమ్మా."

"గిప్పుడు ఇంట్లనే ఉంటున్నవు గదా. కాలేజి లేదు, ఏం లేదు." మూట దించి, నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "జర ఈ దుప్పట్లు దాంట్లేసి తిప్పరాదు? పండుగకు చుట్టాలొచ్చిన్రు. నా నడుము వంగుతలేదు. నీకేమమ్మా, స్విచ్ ఒత్తుడే గదా."

"తీసుకోమ్మా, ఇంటామె అడిగితే కాదంటామా?" అన్నారు లోపలి నుంచి అత్తగారు. "ఊరికే ఉండే మిషనే కదా."

మూట విప్పాను. ముతక దుప్పట్లు, చెమట వాసన, నూనె వాసన. రెండు రెండుగా వేసి తిప్పాను. తడిసి బరువెక్కిన దుప్పట్లను రోలర్లలోకి ఎక్కించడానికి భుజాలు పోయాయి. ఇంటిగలామె పక్కనే పీట వేసుకుని కూర్చుని, చుట్టాల కబుర్లు చెబుతూ, మధ్యమధ్య మిషన్‌ను మెచ్చుకుంటూ ఉంది. అన్నీ ఆరేసేసరికి మధ్యాహ్నం దాటింది.

వెళ్ళేటప్పుడు, ముందు వీధిలో తన చెల్లెలున్నదని, ఆమెకూ మోకాళ్ళ నొప్పులని, వచ్చే వారం ఆమె దుప్పట్లు కూడా తెస్తానని చెప్పింది.

సరేనన్నాను.